పరాయి సాక్ష్యం

శనివారం మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి రెబెకా లాప్‌టాప్ తెరిచి వీడియో కాల్‌లో చేరింది. తెర మీద ఆమె మొహమే ఆమెకి ఎదురొచ్చింది. ఈ కాల్‌లో మీరొక్కరే ఉన్నారు, అని కింద సన్నటి అక్షరాలు. ఆ సంగతి యంత్రం చెప్పాలా? నలభై రెండేళ్లొచ్చి, రెండు గదుల ఇంట్లో రోజుకి ఒక్క కంచం కడుక్కునే మనిషికి తెలియదా? అయినా ఆమె కోపం యంత్రం మీద కాదు. శనివారం మూడు నుంచి నాలుగు దాకా మహిమ గంట. తన దగ్గర కంప్యూటరు పని నేర్చుకునే అమ్మాయిలకి రెబెకా పెట్టిన నియమం ఒక్కటే, మీరు రాకపోయినా మీ గంట మీదే, నేను కూర్చునే ఉంటాను అని. ఏ ధీమాతో అన్నదో గానీ ఇప్పుడా మాటే ఆమెని కుర్చీకి కట్టేసింది. నాలుగు శనివారాలుగా మహిమ రావడం లేదు. సోమవారం పదకొండింటికి మహిమకి ఇంటర్వ్యూ. ఫిబ్రవరిలో ఒకటి చెడిపోయాక వచ్చిన రెండో అవకాశం. ఇవాళ కూడా రాకపోతే ఆ పిల్ల ఇక రాదు. పొద్దున రెబెకా నాలుగు వరసల సందేశం పంపితే అటునుంచి రెండే మాటలు వచ్చాయి, చూస్తాను మేడం. మొన్న మొన్నటి దాకా అత్తా అని నోరారా పిలిచిన పిల్ల. ఒకే ఊరు, ఒకే చర్చి, వరసకి మేనకోడలు. ఇరవై ఏళ్లు కంపెనీల్లో పనిచేసినా, మేడం అనే మాటకి ఇంత చలి ఉంటుందని రెబెకాకి ఇవాళే తెలిసింది.

మూడూ ఏడు. కిటికీ అవతల హైవే. చిలకలూరిపేటలో ఏ కిటికీ తెరిచినా హైవేనే అనిపిస్తుంది, వంతెన మీదుగా గుంటూరు వైపు పోయే లారీలు, ఒంగోలు వైపు పోయే బస్సులు, జిన్నింగు మిల్లు గేటు దగ్గర మలుపు తిరగలేక అరిచే పత్తి ట్రాక్టర్లు. పత్తి నింపిన బోరెం గోనె సందులోంచి ఎగిరిన దూది పోగు ఒకటి వచ్చి కీబోర్డు మీద వాలింది. రెబెకా దాన్ని రెండు వేళ్లతో తీసి, ఎక్కడ పడెయ్యాలో తోచక, నలుపుతూ కూర్చుంది. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. హైదరాబాదు కంపెనీకి ఈ బల్ల ముందు నుంచే పట్టి పంపుతుంది. ఎంత చిన్న తప్పయినా దొరకబుచ్చుకుంటుందని పేరు. తన తప్పు మాత్రం పదకొండు వేల మంది చదివాక గానీ కంటికి ఆనలేదు. నగ్మా మేడం అయితే ఏమనేదో. అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, రెబెకా ఒక సాయంత్రం ఒక్క మీట తప్పు నొక్కి జట్టు మొత్తం రెండు రోజులు చేసిన పని తుడిచేసింది. దిక్కుతోచక కూర్చుంటే, జట్టు పెద్ద నగ్మా మేడం కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, దాచిన ప్రతి నుంచి అంతా ఒక్కొక్కటే వెనక్కి తెచ్చింది. మర్నాడు ఎవరికేం చెప్పాలి మేడం అని రెబెకా అడిగితే, “ఇద్దరం చూశాం. చాలు” అన్నది. అంతే. ఈ రోజుకీ ఆ సంగతి మూడో మనిషికి తెలియదు. అమ్మాయిలకి ఉచితంగా నేర్పుతున్నారే, ఎందుకండీ అని ఎవరైనా అడిగితే రెబెకా నగ్మా మేడం పేరే చెబుతుంది. ఆవిడ దగ్గర పని నేర్చుకుంది, ఓపిక నేర్చుకుంది, ఆ చాలు అనే మాట మాత్రం ఎక్కడో జారిపోయింది.

మూడూ పదిహేను. ఇంకో కిటికీలో బ్లాగు తెరిచే ఉంది. హైవే పక్క కిటికీ అని పేరు. పద్నాలుగేళ్లుగా శనివారం తప్పకుండా రాస్తోంది. అమ్మాయిల గంటలన్నీ నాలుగింటికి అయిపోతే, టీ పెట్టుకుని ఆ వారం విన్నది, చూసింది రాసేది. మొదట్లో తెలుగు బ్లాగుల వాడంతా పెళ్లి పందిరిలా సందడిగా ఉండేది, వ్యాఖ్యలూ, వాదనలూ, అలకలూ. ఒక్కొక్కరే వేరే చోట్లకి లేచిపోయారు. చివరికి ఒంగోలు నుంచి బుల్లయ్య గారు ఒక్కరు మిగిలారు. పొగాకు వేలం కేంద్రంలో పనిచేసి రిటైరయ్యానని ఒకసారి రాశారు. ప్రతి శనివారం రాత్రికి ఆయన వ్యాఖ్య వచ్చేది, బాగుందమ్మా, అని. రెండేళ్ల కిందట ఒక శనివారం రాలేదు, తర్వాత ఇంక రానే లేదు. మొహం తెలియదు, ఇంటి పేరు తెలియదు, ఎవర్ని అడగాలి? వెళ్లి ఒంగోలు బస్టాండులో నిలబడి బుల్లయ్య గారెవరండీ అని అరవాలా? అయినా రాసింది. చదివేవాళ్లు లేని చోట రాసుకోవడం, జవాబు రాని ఇంటి తలుపు ఏళ్ల తరబడి తట్టడం లాంటిదే. అలాంటి తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటే ఎవరికి మాత్రం కళ్లు తిరగవు? ఫిబ్రవరిలో మహిమ సంగతి బ్లాగులో రాసిన టపాకి మిరప చేతులు అని పేరు పెట్టింది. రెండు రోజుల్లో పదకొండు వేల మంది. రెండు వందల వ్యాఖ్యలు. ఆ రోజు రెబెకా అన్నం తినడం మర్చిపోయి, ఒక్కొక్కటీ చదువుకుంటూ, ఒంటరి ఇంట్లో పైకే నవ్వింది. అది గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మహిమ చెప్పింది ఇదే కుర్చీకి ఎదురుగా, ఇదే తెర మీద. ఫిబ్రవరిలో ఆ ఇంటర్వ్యూ ఉన్న రోజు పొద్దున మిరపకాయల గోడౌనుకి వెళ్లింది, తొడిమలు తీసే పనికి. పన్నెండు దాకా తీసి, ఇంటికొచ్చి సబ్బుతో కడిగి, మజ్జిగ పోసి రుద్దుకుని, కొబ్బరినూనె రాసుకుని, మళ్లీ కడుక్కుంది. గోళ్ల సందుల్లో ఘాటు ఎక్కడికి పోతుంది? ఇంటర్వ్యూ మధ్యలో చెమట పట్టి కంటి పక్కన తుడుచుకుంది. అంతే, రెండు కళ్లూ భగ్గుమన్నాయి, నీళ్లు ధారగా కారాయి. బెంగుళూరు నుంచి మాట్లాడుతున్నాయన మంచివాడే పాపం, ఏడుస్తోందనుకున్నాడు, కంగారు పడకమ్మా, నీళ్లు తాగు, మరోసారి చూద్దాం అని మర్యాదగా ముగించాడు. మరోసారి రాలేదు. కరెంటు పోయిందని ఇంట్లో చెప్పాను అత్తా, అన్నది మహిమ. నవ్వుతూ చెప్పబోయి నవ్వలేకపోయింది. ఎవరికీ చెప్పొద్దని అనలేదు. అలా అనాల్సిన అవసరముంటుందని ఆ పిల్లకి తోచనే లేదు.

రెబెకా పేరు మార్చింది, మార్చకపోలేదు. ఊరి పేరూ రాయలేదు. కానీ చర్చి వెనక సందు రాసింది, రేకుల ఇల్లు రాసింది, బీటెక్ చదివి కూడా తొడిమలు తీసే అమ్మాయి అని రాసింది. ఆ ఊళ్లో అలాంటి అమ్మాయిలు పది మంది ఉన్నారా, పోల్చుకోలేకపోవడానికి? అసలు అప్పుడు తప్పనే అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది, పుట్టింది మొదలు విన్నది సాక్ష్యాలే అయితే? వాళ్ల చర్చిలో నెలకి మొదటి ఆదివారం సాక్ష్యాల వేళ. ప్రసంగం అయ్యాక ఒక్కొక్కరే లేచి, దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు అని మొదలుపెట్టి, పడ్డ కష్టం, గట్టెక్కిన తీరు అందరి ముందూ చెప్పుకుంటారు. జబ్బులు, అప్పులు, తాగుడు మానిన మొగుళ్లు, తప్పిపోయి దొరికిన గేదెలు, దాచుకునేదేం లేదు. చెప్పినవాళ్ల గుండె బరువు తగ్గుతుంది, విన్నవాళ్లు ఆమెన్ అంటారు. రెబెకా బ్లాగు కూడా అదే పని చేస్తోందనుకుంది. అందుకే మార్చి మొదటి ఆదివారం, పాస్టరు గారి భార్య జయకుమారి ఫోను చేత్తో పట్టుకుని లేచి, మన సంఘం బిడ్డ గురించి మన రెబెకా రాసింది వినండి అని మిరప చేతులు మొదటి నుంచి చివరి దాకా చదువుతుంటే, రెండో వరసలో కూర్చున్న రెబెకా తలవంచుకుని, లోపల పొంగిపోయింది. అందరితో పాటు ఆమెన్ కూడా అన్నది. వెనక వరసలో మహిమ తల్లి ఏస్తేరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటే, కదిలిపోయి ఏడుస్తోందనుకుంది. బెంగుళూరు ఆయనకీ తనకీ ఏమిటి తేడా? ఆయన కన్నీళ్లని తప్పుగా చదివాడు, తనూ తప్పుగా చదివింది. ఆయనకి మిరపకాయల సంగతి తెలియదు. తనకి తెలుసు.

ఏస్తేరమ్మ ఆ తర్వాత ఒక్క ఆదివారమూ చర్చికి రాలేదు. మహిమ కాల్‌లోకి రాలేదు. ఆ చదివినదాంట్లో ఒక వాక్యముంది. ఇంటర్వ్యూ ఉందని కూతురు చెబుతున్నా, పనిలో మనిషి తక్కువైందని తల్లి వెంట తీసుకుపోయింది, అని. చక్కగా కుదిరిన వాక్యం. చాలామంది వ్యాఖ్యల్లో దాన్నే ఎత్తి రాశారు, పేదరికం తల్లుల గుండెల్ని ఎంత రాయి చేస్తుందో కదా అని. నెల రోజులుగా రెబెకా ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటోంది. మహిమ ఏమన్నది? ఆ రోజు పనికెళ్లానత్తా, అన్నది. ఎందుకెళ్లావని తను అడిగిందా? అడగలేదు. అడగకుండానే రాసేసింది, ఎందుకంటే కథకి అక్కడొక కారణం కావాలి, పేద తల్లి కన్నా సులువుగా దొరికే కారణం ఇంకేముంది?

మూడూ ముప్పై. తెర మీద తన మొహం అలాగే ఉంది. అమ్మ పోలిక. అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే చర్చి మొత్తం సర్దుకుని కూర్చునేది. రెబెకా ఇంటర్ లెక్కల్లో తప్పిన ఏడాది, ఆ సంగతి ఇంట్లోంచి బయటికి పొక్కకముందే, అమ్మ ఆదివారం లేచి, నా కూతురు లెక్కల్లో తప్పిందయ్యా, మీరంతా దాని కోసం ప్రార్థన చెయ్యండి, అన్నది. పదహారేళ్ల రెబెకా చాప మీద ముడుచుకుపోయింది. తనతో చదివే మొగపిల్లలంతా పక్క వరసలోనే ఉన్నారు. ఇంటికొచ్చి అన్నం కంచం తోసేసి, నా సంగతి నువ్వెందుకు చెప్పావు అని అమ్మ మీద పడి ఏడ్చింది. అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. “నీ సంగతీ నా సంగతీ వేరువేరటే?” అన్నది. ఆ రోజు తర్వాత రెబెకా జీవితంలో సాక్ష్యానికి లేవలేదు. ఉద్యోగం వచ్చినప్పుడు లేవమన్నారు, అమ్మ పోయినప్పుడు లేవమన్నారు, లేవలేదు. బ్లాగులో ఏడు వందల పైచిలుకు టపాలున్నాయి. ఒక్కదాంట్లో కూడా తను లెక్కలు తప్పిన సంగతి లేదు, జట్టు పని తుడిచేసిన సంగతి లేదు, రాత్రిళ్లు రేడియో పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టని సంగతి లేదు. అన్నీ వాళ్లవీ వీళ్లవీ. మీలో ఎంత వినయమండీ, మీ గురించి ఒక్క ముక్క రాసుకోరు అని ఎవరో మెచ్చుకుంటే, అవునేమో అనుకుంది కూడా. వినయం కాదు, పిరికితనం. తన గుట్టు పెట్టెలో పెట్టి తాళం వేసుకుని, పక్కింటి పెట్టె తెరిచి వీధిలో పరిచింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పదిసార్లు పిల్లలకి చెప్పిన నోరే ఇది.

విజయవాడ నుంచి వచ్చిన ఈమెయిలు కూడా తెరిచే ఉంది. సాంకేతిక రంగంలో ఆడవాళ్ల సభ, వచ్చే నెల, వేదిక మీద మిరప చేతులు మీ గొంతుతో చదవాలి. మూడు రోజులుగా జవాబు రాయలేదు. నిజం చెప్పుకోవాలంటే, రాయకపోవడానికి కారణం బాధ ఒక్కటే కాదు, వదులుకోలేకపోవడం కూడా. ఒక హాలు నిండా మనుషులు తన మాట వింటారు. పద్నాలుగేళ్లలో మొదటిసారి. చీర కూడా మనసులో ఎంచి పెట్టుకుంది, ఆకుపచ్చ మంగళగిరి. ఇప్పుడు ఆ చీర గుర్తొచ్చి రెబెకాకి తన మీద తనకే రోత పుట్టింది. రాలేనండి, అది చదవడానికి నాకు హక్కు లేదు, అని రాసి పంపేసింది. ఆ వేడి మీదే బ్లాగులోకి వెళ్లి ఆ టపా మీద తొలగించు నొక్కింది. శాశ్వతంగా తొలగించమంటారా, అని అడిగింది. అవును. మూడూ ముప్పై ఎనిమిది. రెండు వందల వ్యాఖ్యలతో సహా పోయింది. ఒక క్షణం హాయిగా ఉంది. మరుక్షణం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనిపించింది. ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందో దాని నకలు. తొలగించడం వల్ల తేలికపడింది తనొక్కతే.

మూడూ నలభై ఆరుకి తెర రెండుగా చీలింది. మహిమ, అని పేరు వచ్చింది. రెబెకా కుర్చీ ముందుకి జరుపుకుంది. రెండో సగంలో మొదట రేకుల కప్పు కనబడింది, తర్వాత ఫ్యాను, తర్వాత ఎవరిదో నుదురు. మహిమ నుదురు కాదు.

“రెబెకమ్మా, వినపడతందా?”

ఏస్తేరమ్మ. వినబడుతోంది వదినా అన్నది రెబెకా. పిల్ల రానంటే తనే కాల్ పెట్టిమ్మన్నానని చెప్పింది ఏస్తేరమ్మ. ఫోను దగ్గరగా పట్టుకోవడం వల్ల కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనబడటం లేదు. రెబెకా ఆగలేకపోయింది. తీసేశాను వదినా, ఇప్పుడే, మొత్తం తీసేశాను అని గబగబా చెప్పింది.

“తీస్తే ఏం? విన్నోళ్ల చెవుల్లోంచి తీయగలవా?”

గొంతులో కోపం లేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ మాట్లాడినంత మామూలుగా ఉంది.

“నాకు ఆ రోజు జొరం. నాలుగు రోజులు మంచం దిగలా. నేను పోకపోతే కూలి ముఠాలో నా చోటు ఇంకొకరికి ఇస్తారని, అదే నా బదులు పోయింది. నాకు చెప్పలా. లేచి చూస్తే పిల్ల లేదు. నేను తీసుకుపోయానని చదివారే చర్చిలో. దారిలో మా తోడికోడలు అడిగింది, సొంత కూతుర్నేనా అట్టా చేసేదని. కాయితంలో రాసినాక నా మాట ఎవరింటారు?”

నన్ను క్షమించు వదినా, అన్నది రెబెకా. అంతకన్నా మంచి మాటలు పద్నాలుగేళ్లుగా రాస్తున్న మనిషికి ఒక్కటీ దొరకలేదు.

“నన్నొక మాట అడిగితే చెప్పేదాన్నిగా.” ఏస్తేరమ్మ ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. “రేపు సాక్ష్యాల ఆదివారం. నేనొస్తా. చదివిన చోటే చెప్పు. పాస్టరమ్మ చేత వద్దు. నువ్వు లేచి చెప్పు.”

రెబెకాకి చాప మీద ముడుచుకున్న పదహారేళ్ల పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల కోసం ఎవరూ లేచి తప్పయిందని చెప్పలేదు. చెబుతాను వదినా, అన్నది. సరేనని ఏస్తేరమ్మ ఫోను ఎవరికో ఇచ్చింది. రేకుల కప్పు గిర్రున తిరిగి, గోడ కనబడి, గోడకి ఆనుకుని మహిమ కనబడింది. తల దువ్వుకుని, ఇంటర్వ్యూకి కొనుక్కున్న నీలం చుడీదారు వేసుకుని ఉంది. అంటే రానన్నది నిజమే గానీ, తయారవడం కూడా నిజమే. ఆ పిల్ల కళ్లు తెర మీద కాకుండా పక్కకి ఎక్కడో చూస్తున్నాయి.

“ఇంకా ఎనిమిది నిమిషాలుంది. ఒక ప్రశ్న అడగండి,” అన్నది.

అత్తా అనలేదు, మేడమూ అనలేదు. రెబెకా గొంతు సవరించుకుని, ఏ ఇంటర్వ్యూలోనైనా మొదట వచ్చే ప్రశ్నే ఇంగ్లీషులో అడిగింది, నీ గురించి చెప్పు, అని. ఈ ప్రశ్నకి జవాబు జనవరిలో రెబెకాయే తయారు చేసిపెట్టింది. నీ కష్టం చెప్పు, మీ అమ్మ చేసే పని చెప్పు, వాళ్లకి గుర్తుండిపోవాలంటే కథ ఉండాలి, అని. మహిమ పెదవి తడుపుకుని మొదలుపెట్టింది. పేరు, చదువు, ఆఖరి ఏడాది చేసిన ప్రాజెక్టు. బస్ టికెట్ల ప్రోగ్రాంలో ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోయే తప్పుని తను ఎలా పట్టుకున్నదీ, ఎన్నిసార్లు మళ్లీ చేసి చూసిందీ, దాన్ని ఎలా రాసి చూపించిందీ. రెండు నిమిషాలు. మిరపకాయ అనే మాటే లేదు. అమ్మ అనే మాట లేదు. ఎక్కడా తడబడలేదు. ఇంత బాగా ఆ పిల్ల ఎప్పుడూ చెప్పలేదు, ఇందులో రెబెకా నేర్పిన వాక్యం ఒక్కటీ లేదు.

బాగుంది, అన్నది రెబెకా. ఇంకా రెండు ప్రశ్నలు అడిగింది, ఒక చిన్న సవరణ చెప్పింది. మహిమ పుస్తకంలో రాసుకుంది. నాలుగు కాగానే, సరే, అని వెళ్లిపోయింది. సోమవారం ఎలా జరిగిందో చెబుతానని అనలేదు. చెప్పమని అడిగే హక్కు ప్రస్తుతానికి తనకి లేదని రెబెకాకి తెలుసు. అడగలేదు.

తెర మళ్లీ ఒక్కటైంది. ఈ కాల్‌లో మీరొక్కరే ఉన్నారు. ప్రతి శనివారం నాలుగింటికి చేసే పనే గనక చెయ్యి దానంతటదే బ్లాగులో కొత్త పేజీ తెరిచింది. రెబెకా దాన్ని ఒక్క అక్షరం రాయకుండా మూసేసింది. హైవే మీద ఎవరో ఆపకుండా హారన్ కొడుతున్నారు. లేచి కిటికీ తలుపు వేసి, వచ్చి, కూర్చోకుండా తన మొహానికి ఎదురుగా నిలబడింది. అమ్మ నిలబడినట్టే చేతులు ముందుకి కట్టుకుంది. దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు, అన్నది పైకే. తర్వాత వచ్చిన రెండు మూడు వాక్యాలు బ్లాగులో వాక్యాల్లా నున్నగా, సొగసుగా ఉన్నాయి. తనకే అసహ్యం వేసి ఆపేసింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

“సంఘానికి వందనాలు. ఏస్తేరమ్మ వదినకి ఆ రోజు జ్వరం. నేను అడగలేదు.”